జనరేటర్ కొత్తది, లీడ్లు పాతవి: పేస్‌మేకర్ ఉన్నవారికి ఎమ్మారై చేయవచ్చా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. 71 ఏళ్ల మీ నాన్నగారికి 2012లో డ్యూయల్ ఛాంబర్ (గుండెలోని రెండు గదులకు తీగలు ఉండే) పేస్‌మేకర్ అమర్చారు. బ్యాటరీ అయిపోవడంతో 2022లో జనరేటర్, అంటే గుండెలోకి పోయే లీడ్లు అనే తీగలకు విద్యుత్ పంపే బ్యాటరీ డబ్బా మార్చారు, అప్పుడు ‘దీంతో ఎమ్మారై చేయించుకోవచ్చు’ అని చెప్పి పంపారు. ఇప్పుడు నడుము నొప్పితో పాటు కుడికాలు బలహీనపడుతూ ఉండడంతో న్యూరోసర్జన్ వెన్నెముక ఎమ్మారై రాశారు. ఒక స్కానింగ్ సెంటర్ వారు పేస్‌మేకర్ అన్న మాట వినగానే కుదరదన్నారు. రెండో సెంటర్ వారు తమది తక్కువ శక్తి గల ఓపెన్ ఎమ్మారై కాబట్టి భయం లేదనీ, కాగితం మీద సంతకం పెడితే చేసేస్తామనీ అన్నారు. ఎవరి మాట నమ్మాలి అన్నది మీ సందేహం.

నా దృష్టిలో ఇద్దరి మాటా నమ్మదగినది కాదు. మొదటివారు అడగవలసిన విషయాలు అడగకుండానే తిప్పి పంపారు, రెండోవారు అవే విషయాలు అడగకుండానే ఒప్పుకున్నారు. గుండె పరికరాల క్లినిక్‌లో చాలాకాలంగా పనిచేస్తున్న కార్డియాలజిస్టుగా నేను చెప్పగలిగింది ఏమిటంటే, మీ నాన్నగారికి ఎమ్మారై జరిగే అవకాశం బాగానే ఉంది. అయితే ఆయన ఛాతీలో ఉన్న పరికరంలోని ప్రతి భాగం ఏమిటో తెలిశాక, స్కాన్‌కు ముందూ తర్వాతా దాన్ని పరీక్షించి సరిచేసే మనిషి ఉన్నచోటే అది జరగాలి.

‘ఎమ్మారైకి పనికొచ్చే పేస్‌మేకర్’ అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు గానీ, ఆ అనుమతి ఎప్పుడూ షరతులతో కూడినదే. వైద్య పరికరాలపై ఎమ్మారైకి సంబంధించి మూడు గుర్తులు వాడతారు. ఆకుపచ్చ చతురస్రం ఉంటే ఏ ఎమ్మారై గదిలోకైనా నిరభ్యంతరంగా తీసుకెళ్లవచ్చు, అది లోహం లేని ప్లాస్టిక్ వస్తువుల వంటి వాటికే వర్తిస్తుంది. ఎర్రని వలయంలో అడ్డగీత ఉంటే అసలు తీసుకెళ్లకూడదు. మధ్యలో ఉన్నది పసుపు త్రికోణం, అంటే ఎంఆర్ కండిషనల్. తయారీదారు చెప్పిన షరతులన్నీ నెరవేరితేనే అనుమతి అని దాని భావం. ఈరోజు దొరికే అత్యాధునిక పేస్‌మేకర్లు కూడా ఈ పసుపు త్రికోణం కిందికే వస్తాయి. అమెరికాలో ఇటువంటి మొదటి పేస్‌మేకర్‌కు 2011 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది, అది మెడ్‌ట్రానిక్ వారి రెవో. యూరప్‌లో అంతకు కొన్నేళ్ల ముందే ఈ కోవకు చెందిన పరికరాలు వాడుకలోకి వచ్చాయి. మీ నాన్నగారికి మొదటిసారి పేస్‌మేకర్ పెట్టినది సరిగ్గా ఈ మార్పు జరుగుతున్న రోజుల్లో అని గమనించండి. ఆ సంగతి తర్వాత పనికొస్తుంది.

ప్రమాదం ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే షరతులు ఎందుకో అర్థమవుతాయి. ఎమ్మారై యంత్రంలో మూడు రకాల క్షేత్రాలు ఒకేసారి పనిచేస్తాయి, మూడూ పేస్‌మేకర్‌ను మూడు వేర్వేరు మార్గాల్లో తాకుతాయి.

మొదటిది ఎప్పుడూ ఆగని స్థిర అయస్కాంత క్షేత్రం. 1.5 టెస్లా (అయస్కాంత శక్తిని కొలిచే ప్రమాణం) యంత్రంలో అది భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30,000 రెట్లు ఉంటుంది. స్కాన్ జరగనప్పుడు యంత్రం ఆగిపోయి ఉంటుందని చాలామంది అనుకుంటారు, కానీ అతివాహక తీగచుట్ట ద్రవ హీలియంలో చల్లగా ఉన్నంతకాలం ఆ అయస్కాంతం రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబై నాయర్ ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఎమ్మారై గదిలోకి వెళ్లిన రోగి బంధువు ప్రాణం పోయింది ఆ కారణంగానే. ఇప్పటి పేస్‌మేకర్లలో ఇనుము చాలా తక్కువ, కాబట్టి పరికరం చర్మం కింద దానికోసం చేసిన అరలోంచి (మేము జేబు అంటాం) పెరికినట్టు బయటికి వస్తుందన్న భయం అక్కరలేదు, మహా అయితే కొంచెం లాగినట్టు అనిపించవచ్చు. ఇక్కడ అసలు చిక్కు వేరే ఉంది. పేస్‌మేకర్ మీద అయస్కాంతం పెడితే అది గుండె సొంత స్పందనను పట్టించుకోకుండా ఒకే వేగంతో కొట్టేలా తయారుచేసి ఉంటారు, ఆపరేషన్ థియేటర్లలో మేము దాన్ని ఉపయోగించుకుంటాం కూడా. పాత పరికరాల్లో ఈ పని చేసే రీడ్ స్విచ్ అనే చిన్న మీట ఎమ్మారై లోపల తెరుచుకుంటుందో మూసుకుంటుందో ముందుగా చెప్పడం కష్టం.

రెండోది, బొమ్మ తీసేటప్పుడు వేగంగా మారే గ్రేడియంట్ క్షేత్రాలు. స్కాన్‌లో వినిపించే ఆ చెవులు చిల్లులుపడే చప్పుడు వీటివల్ల వచ్చేదే. ఇవి లీడ్ తీగలో చిన్నచిన్న విద్యుత్ ప్రవాహాలను పుట్టిస్తాయి. పేస్‌మేకర్ వాటిని గుండె స్పందనగా పొరబడితే, గుండె తనంతట తానే కొట్టుకుంటోందనుకుని ఊరుకుంటుంది. సొంత స్పందన లేని రోగికి ఆ కొన్ని క్షణాల మౌనమే స్పృహ తప్పడానికి చాలు. ఐసీడీ (ప్రమాదకరమైన గుండె లయను షాక్‌తో సరిచేసే పరికరం) అయితే అవే తప్పుడు సంకేతాలను ప్రాణాంతకమైన గుండె వేగంగా భావించి అనవసరంగా షాక్ ఇవ్వడానికి సిద్ధపడవచ్చు.

మూడోది రేడియో తరంగాలు. మామూలుగా జనం భయపడేది అయస్కాంతానికి, మేము భయపడేది దీనికి. 1.5 టెస్లా యంత్రంలో ఈ తరంగాల పౌనఃపున్యం సుమారు 64 మెగాహెర్ట్జ్, 3 టెస్లాలో సుమారు 128 మెగాహెర్ట్జ్. భుజం దగ్గరి నుంచి గుండె గది లోపలికి పోయే లీడ్ సాధారణంగా 52 లేదా 58 సెంటీమీటర్ల పొడవుండే లోహపు తీగ, అది పాతకాలపు రేడియో ఏరియల్ లాగా ఈ శక్తిని పట్టుకుంటుంది. పట్టుకున్న శక్తి వేడిగా బయటికి వచ్చేది తీగ కొన దగ్గర, అంటే అది గుండె కండరంలోకి దిగి ఉన్నచోట. అక్కడి కణజాలం వేడెక్కితే మచ్చ కడుతుంది, ఆ మచ్చ వల్ల గుండెను కొట్టించడానికి అంతకుముందుకన్నా ఎక్కువ వోల్టేజి కావాలి, మరీ ఎక్కువైతే పేస్‌మేకర్ పంపే సంకేతం గుండెకు చేరకుండా పోతుంది. ఎంత వేడి పుడుతుందన్నది తీగ పొడవు, లోపలి చుట్టల నిర్మాణం, అది ఛాతీలో వంకర తిరిగిన తీరు, యంత్రం ఏ పౌనఃపున్యంలో పనిచేస్తోంది, శరీరంలో ఏ భాగం యంత్రం మధ్యన ఉంది అనే వాటన్నిటి మీదా ఆధారపడుతుంది. అందుకే ఎంఆర్ కండిషనల్ పరికరాలను తయారుచేసేటప్పుడు ఇంజనీర్లు జనరేటర్ మీద పెట్టిన శ్రమకు తగ్గకుండా లీడ్ మీద పెట్టారు.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతికి వద్దాం. 2022లో మార్చింది జనరేటర్ ఒక్కటే. ఛాతీ పైభాగంలో చర్మం కింద ఉన్న పాత డబ్బా తీసి కొత్త డబ్బాను పాత లీడ్లకే తగిలించి ఉంటారు, బ్యాటరీ మార్పిడి అంటే మామూలుగా అంతే. కొత్త జనరేటర్ కండిషనల్ అయితే కావచ్చు గానీ, షరతుల అనుమతి జనరేటర్‌కూ లీడ్లకూ కలిపి, ఒకే కంపెనీ ఆమోదించిన జోడీగా ఇస్తారు. జనరేటర్ ఒక కంపెనీది, లీడ్లు మరో కంపెనీవి అయితే రెండూ విడివిడిగా ఎంత మంచివైనా ఆ వ్యవస్థ కండిషనల్ కిందికి రాదు. ‘దీంతో ఎమ్మారై చేయించుకోవచ్చు’ అని మీకు చెప్పినవారు డబ్బాను చూసి చెప్పారా, మొత్తం వ్యవస్థను చూసి చెప్పారా అన్నది తేల్చుకోవాలి. మా క్లినిక్‌కు వచ్చేవారిలో ఈ తికమక చాలా మామూలు.

ఇందులో మీకు అనుకూలించే అంశం ఒకటుంది. 2012 నాటికి కండిషనల్ లీడ్లు మార్కెట్లోకి వచ్చే ఉన్నాయి. అంతేకాక, అప్పట్లో ఆ గుర్తు లేకుండా అమ్మిన కొన్ని లీడ్లకు కంపెనీలు తర్వాత పరీక్షలు జరిపి, తమ కొత్త జనరేటర్లతో కలిపి వాడితే కండిషనల్ అని అనుమతి తెచ్చుకున్నాయి. కాబట్టి లీడ్లు పాతవైనంత మాత్రాన దారి మూసుకుపోలేదు. వాటి మోడల్ నంబరు తెలియాలి.

ఆ నంబరు ఎక్కడ దొరుకుతుంది? 2022లో ఇచ్చిన పేస్‌మేకర్ కార్డు మీద కొత్త జనరేటర్ వివరాలు ఉంటాయి, లీడ్ల వివరాలు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఖచ్చితమైన ఆధారం 2012 నాటి డిశ్చార్జి సమ్మరీ, దాని మీద సాధారణంగా జనరేటర్‌కూ ప్రతి లీడ్‌కూ ఒక స్టిక్కర్ అంటించి ఉంటుంది. అది పోయి ఉంటే ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి క్యాథ్‌ల్యాబ్ రికార్డుల్లో వెతకమని అడగండి. సీరియల్ నంబరు తెలిస్తే కంపెనీ వారి దగ్గర నమోదు ఉండే అవకాశం ఉంది. ఆరోగ్యశ్రీ వంటి పథకం కింద జరిగిన ఆపరేషన్ అయితే బిల్లుతో జతచేసిన కాగితాల్లో కూడా పరికరం వివరాలు ఉండవచ్చు. ఒక హెచ్చరిక: పేస్‌మేకర్ అమరికలను బయటినుంచి చదివి మార్చే ప్రోగ్రామర్ యంత్రాన్ని ఛాతీ మీద పెట్టి చూసినప్పుడు జనరేటర్ మోడల్‌ను అది తనంతట తాను చదువుతుంది, లీడ్ల పేరు మాత్రం ఎవరైనా అందులో టైపు చేసి ఉంటేనే కనిపిస్తుంది, చేసినవారు తప్పు చేసి ఉంటే తప్పే కనిపిస్తుంది. అందుకే స్క్రీన్ మీద కనిపించిన లీడ్ నంబరును కాగితంతో సరిపోల్చకుండా నేను ఒప్పుకోను.

దీంతోపాటు ఒక ఛాతీ ఎక్స్‌రే తప్పక తీయించండి. అది చవక, పది నిమిషాల్లో అయిపోతుంది, ఎన్నో సందేహాలు తీరుస్తుంది. జనరేటర్ మీద ఎక్స్‌రేలో కనిపించే గుర్తు ఉంటుంది, దాన్నిబట్టి కంపెనీని, చాలాసార్లు మోడల్‌ను కూడా పోల్చుకోవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, జనరేటర్‌కు తగిలించకుండా లోపల వదిలేసిన పాత లీడ్ ఏదైనా ఉందేమో అందులో తెలుస్తుంది. చెడిపోయిన లీడ్‌ను బయటికి లాగడం ప్రమాదకరం కాబట్టి, కొన్నిసార్లు కొనకు మూత పెట్టి లోపలే వదిలేసి కొత్తది వేస్తారు. అలా వదిలేసిన తీగ, విరిగిన తీగ, గుండె పైపొర మీద కుట్టిన ఎపికార్డియల్ లీడ్, పొడవు పెంచడానికి తగిలించిన ఎక్స్‌టెన్షన్ ఉంటే వేడి ఎంత పుడుతుందో చెప్పలేం, వ్యవస్థ కండిషనల్ కిందికి రాదు. 2022లో జనరేటర్ మార్చినప్పుడు లీడ్ కూడా కొత్తది వేశారా అని అడగండి. వేసి ఉంటే పాతది ఏమైందన్నది వెంటనే అడగవలసిన ప్రశ్న.

వివరాలన్నీ దొరికి, జోడీ ఆమోదించినదే అని తేలితే మిగిలినవి తేలికైన షరతులు. లీడ్లు పెట్టి కనీసం ఆరు వారాలు దాటి ఉండాలి, మీ నాన్నగారి విషయంలో ఆ సమస్యే లేదు. బ్యాటరీ మార్పిడి దశకు చేరి ఉండకూడదు. లీడ్ల నిరోధం మామూలు పరిధిలో ఉండాలి, చాలా కంపెనీలు 200 నుంచి 1,500 ఓమ్‌ల మధ్య అంటాయి. గుండెను కొట్టించడానికి కావలసిన కనీస వోల్టేజి, మేము థ్రెషోల్డ్ అంటాం, 0.4 మిల్లీసెకన్ల వద్ద 2 వోల్టులకు మించకూడదన్న నియమం ఎక్కువ పరికరాలకు ఉంది. స్కాన్ చేసే యంత్రం 1.5 టెస్లాదా, 3 టెస్లాదా, ఏది అనుమతించారన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. శరీరం గ్రహించే రేడియో శక్తిని సాధారణ స్థాయిలో, అంటే కిలోకు 2 వాట్లకు మించకుండా ఉంచమని చాలా పరికరాలు అడుగుతాయి. తొలితరం పరికరాల్లో కొన్నిటికి ఛాతీ భాగం యంత్రం మధ్యకు రాకూడదన్న షరతు కూడా ఉండేది. నడుము స్కాన్‌లో గుండె ఉన్న భాగం యంత్రం మధ్యలో ఉండదు, కానీ రేడియో తరంగాలను పంపే కాయిల్ శరీరాన్ని చాలామేర కప్పుతుంది కాబట్టి లీడ్లు పూర్తిగా బయట ఉన్నాయనుకోకూడదు. ఈ లెక్కలు చూసుకోవలసినది రేడియాలజిస్టు, మీరు కాదు. అయితే ఈ షరతుల పత్రం చూశారా అని ఆయనను అడిగే హక్కు మీకుంది.

జోడీ సరిపడలేదనో, లీడ్ నంబరు దొరకనే లేదనో తేలితే? పదిహేనేళ్ల కిందట అయితే ఆశ వదులుకోమనేవాళ్లం. 1980లు, 90లలో పేస్‌మేకర్ ఉన్నవారికి ఎవరూ గమనించకుండా, గుండె లయను చూసే ఏర్పాటు లేకుండా స్కాన్లు జరిగిన సందర్భాల్లో మరణాలు నమోదయ్యాయి, ఆ భయం చాలాకాలం నిలిచిపోయింది. ఆ తర్వాత పద్ధతి ప్రకారం చేసి చూసినవారి అనుభవం వేరుగా ఉంది. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రెండు పెద్ద నివేదికలు వచ్చాయి. మాగ్నసేఫ్ రిజిస్ట్రీ అనే అధ్యయనంలో కండిషనల్ గుర్తు లేని పేస్‌మేకర్లతో 1,000, ఐసీడీలతో 500 స్కాన్లు చేశారు, అన్నీ 1.5 టెస్లా యంత్రంలో, ఛాతీ కాకుండా ఇతర భాగాలకు. మరణాలు లేవు, లీడ్ చెడిపోయిన సందర్భం లేదు. ఒక్క ఐసీడీ జనరేటర్‌ను మాత్రం వెంటనే మార్చవలసి వచ్చింది, స్కాన్‌కు ముందు దాన్ని నియమం ప్రకారం ప్రోగ్రామ్ చేయలేదు. అదే ఏడాది చివర వచ్చిన జాన్స్ హాప్కిన్స్ నివేదికలో 1,509 మందికి ఛాతీతో సహా 2,103 స్కాన్లు చేశారు. తొమ్మిది స్కాన్లలో పరికరం తన మొదటి అమరికకు తానే తిరిగి వెళ్లింది, ఎనిమిది తిరిగి మామూలయ్యాయి. తొమ్మిదోది బ్యాటరీలో నెలకు లోపే మిగిలి ఉన్న పేస్‌మేకర్, దాన్ని తిరిగి ప్రోగ్రామ్ చేయలేక మార్చేశారు. బ్యాటరీ షరతు ఎందుకో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

ఈ ఫలితాల ఆధారంగా, యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ 2021 మార్గదర్శకాలు కండిషనల్ కాని పరికరం ఉన్నా, మరో పరీక్షతో పని జరగనప్పుడు, వదిలేసిన లేదా విరిగిన లీడ్లు, ఎపికార్డియల్ లీడ్లు లేనప్పుడు ఎమ్మారై చేయడం సమంజసమేనన్నాయి. అమెరికాలో ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ 2018 నుంచి షరతులతో ఇటువంటి స్కాన్లకు డబ్బు చెల్లిస్తోంది. అయితే ఈ అంకెలను చూపించి ‘ఏమీ కాదులే’ అనేవారిని నేను ఒప్పుకోను. ఆ స్కాన్లన్నీ ముందే పరికరాన్ని పరీక్షించి, పక్కన శిక్షణ పొందిన సిబ్బందిని నిలబెట్టి చేసినవి. ఆ ఏర్పాటు లేని చోట ఆ అంకెలు వర్తించవు.

ఆ ఏర్పాటు ఎలా ఉండాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే సెంటర్‌ను ఎంచుకునేటప్పుడు మీరు చూడవలసింది ఇదే. స్కాన్‌కు ముందు పరికరం కంపెనీకి చెందిన ప్రోగ్రామర్ యంత్రం అక్కడికి రావాలి. ఒక కంపెనీ ప్రోగ్రామర్ మరో కంపెనీ పేస్‌మేకర్‌ను చదవలేదు. మన దగ్గర చాలా ఆసుపత్రుల్లో దీన్ని కంపెనీ ఇంజనీరు తీసుకువస్తారు, కాబట్టి ముందుగా రోజు, సమయం మాట్లాడుకోవాలి. బ్యాటరీ, థ్రెషోల్డ్, నిరోధం, గుండె సొంత సంకేతాల బలం కొలిచి కాగితం మీద రాస్తారు. తర్వాత రోగి గుండె పేస్‌మేకర్ మీద ఎంత ఆధారపడి ఉందో చూస్తారు. పూర్తి హార్ట్ బ్లాక్ (గుండె పై గదుల సంకేతం కింది గదులకు చేరకపోవడం) వల్ల పేస్‌మేకర్ పెట్టి, సొంత స్పందన దాదాపు లేనివారికి, బయటి తప్పుడు సంకేతాలు ఏవి వచ్చినా పట్టించుకోకుండా నిర్ణీత వేగంతో కొడుతూనే ఉండే డీఓఓ లేదా వీఓఓ పద్ధతికి మారుస్తారు. సొంత స్పందన బాగా ఉన్నవారికి ఆ కాసేపూ పేసింగ్‌నే ఆపి ఉంచవచ్చు. మీ నాన్నగారికి 2012లో పేస్‌మేకర్ ఏ కారణంతో పెట్టారన్నది అందుకే తెలియాలి. ఈ మార్పు చేసినప్పటి నుంచి తిరిగి మామూలు చేసేవరకు ఆయనను కనిపెట్టి చూస్తూ ఉండాలి.

స్కాన్ జరుగుతున్నంతసేపూ వేలికి పల్స్ ఆక్సీమీటర్, ఛాతీకి ఈసీజీ తీగలు ఉండాలి. అయస్కాంతం లోపల ఈసీజీ గీత వంకరలు పోయి నమ్మలేని విధంగా కనిపిస్తుంది, కాబట్టి అనుభవం ఉన్నవారు వేలి నాడి తరంగం మీదే ఎక్కువ దృష్టి పెడతారు. బయట డీఫిబ్రిలేటర్, అంటే గుండెకు షాక్ ఇచ్చే యంత్రం సిద్ధంగా ఉండాలి. దాన్ని అయస్కాంతం ఉన్న గదిలోకి తేకూడదు, అవసరం పడితే ముందు రోగిని బయటికి తెచ్చాకే వాడాలి, ఆ బయటికి తెచ్చే పని ఎవరిదో ముందే అనుకుని ఉండాలి. ఛాతీలో వేడి, జేబు దగ్గర లాగినట్టు ఉండడం, తల తిరగడం వంటివి అనిపిస్తే చేతిలోని రబ్బరు బంతిని నొక్కమని మీ నాన్నగారికి ముందే చెప్పండి. భయంతో కదులుతారని మత్తుమందు ఇస్తే ఆ కబురు అందే దారి మూసుకుపోతుంది, కాబట్టి వీలైనంతవరకు మత్తు లేకుండా చేయించడమే మేలు.

స్కాన్ అయిపోగానే అందరూ బొమ్మల కోసం చూస్తారు. పరికరాల డాక్టరుగా నా ఆందోళన అంతా ఆ తర్వాతి అరగంట మీదే ఉంటుంది. థ్రెషోల్డ్ మళ్లీ కొలవాలి, అన్ని అమరికలు పాతవాటికి తిరిగి పెట్టాలి, ముందు రాసుకున్న అంకెలతో పోల్చాలి. థ్రెషోల్డ్ 1 వోల్టు లేదా అంతకన్నా పెరిగినా, సొంత సంకేతాల బలం సగానికి పడిపోయినా, నిరోధం 50 ఓమ్‌లు లేదా అంతకన్నా మారినా వారం లోపు మళ్లీ చూపించాలి. మార్పు ఏమీ లేకపోతే మూడు నుంచి ఆరు నెలల్లో మామూలు పరీక్ష చాలు. ఐసీడీ ఉన్నవారికి ఈ చివరి అంకం మరింత ముఖ్యం. వారికి స్కాన్ కోసం షాక్ చికిత్సలు ఆపుతారు, తిరిగి ఆన్ చేయకుండా ఇంటికి పంపితే, ఏ ప్రమాదం నుంచి కాపాడాలని ఆ పరికరం పెట్టారో దానికే వారిని అప్పగించినట్టవుతుంది. స్కాన్ చేసినచోట ప్రోగ్రామర్ లేక ‘రేపు కార్డియాలజిస్టును కలవండి’ అని పంపడం నేను విన్న వాటిలో ఎన్నటికీ ఒప్పుకోలేని విషయం. కాబట్టి వెళ్లే ముందు ప్రోగ్రామర్ ప్రింటవుట్లు, స్కాన్‌కు ముందువీ తర్వాతవీ రెండూ అడిగి తీసుకోండి. తిరిగి ప్రోగ్రామ్ చేసినట్టు రాసి, డాక్టరు సంతకం ఉంటేనే బయలుదేరండి.

ఇక ఆ ఓపెన్ ఎమ్మారై సెంటర్ మాట. తక్కువ శక్తి అయితే ప్రమాదం తక్కువ అన్నది వినడానికి సహేతుకంగా ఉంటుంది గానీ, పరికరాలను పరీక్షించి అనుమతి ఇచ్చింది 1.5, 3 టెస్లా యంత్రాలకు. 0.3 టెస్లా యంత్రంలో రేడియో తరంగాల పౌనఃపున్యం 13 మెగాహెర్ట్జ్‌కు కాస్త తక్కువ, ఆ పరిస్థితిలో ఆ లీడ్ ఎలా ప్రవర్తిస్తుందో ఆ షరతుల పత్రంలో ఉండదు. లాగే బలం తగ్గుతుంది నిజమే, కానీ లీడ్‌లో పుట్టే తప్పుడు సంకేతాలు, రీడ్ స్విచ్ ప్రవర్తన అక్కడా ఉంటాయి. పైగా ప్రోగ్రామర్ లేకుండా, కార్డియాలజిస్టు లేకుండా చేస్తామంటున్నారు. సంతకం చేసిన కాగితం సెంటర్‌ను కాపాడవచ్చు, గుండెను కాపాడదు. అక్కడ చేయించవద్దు.

కార్డియాలజీ, ఎమ్మారై రెండూ ఒకే ఆవరణలో ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి వంటి చోట్ల అవి ఉన్నాయి. ముందు కార్డియాలజీ విభాగంలో చూపించి, అక్కడి నుంచి రేడియాలజీకి సమయం ఖరారు చేయించుకోవడం సరైన వరుస. స్కానింగ్ కౌంటర్‌లో మొదలుపెడితే మళ్లీ అదే ‘కుదరదు’ వినాల్సి రావచ్చు.

ఇంట్లో మరెవరికైనా గుండె సంబంధ పరికరాలు ఉంటే, వాటన్నిటినీ ఒకే గాటన కట్టవద్దు. స్టెంట్ వేయించుకున్నవారికి, కృత్రిమ వాల్వు ఉన్నవారికి, బైపాస్ తర్వాత రొమ్ము ఎముకకు స్టీలు తీగలు ఉన్నవారికి ఈ ఇబ్బందులేవీ వర్తించవు, ఎందుకంటే వాటిలో బ్యాటరీ లేదు, పొడవైన లీడ్ లేదు. సాధారణంగా వారికి 1.5, 3 టెస్లా యంత్రాల్లో ఎమ్మారై చేస్తారు, కాగితాలు చూపిస్తే చాలు. స్టెంట్ ఉందన్న ఒక్క కారణంతో తిప్పి పంపితే కార్డియాలజిస్టుతో ఒక లేఖ రాయించుకోండి. గుండె లయను నమోదుచేయడానికి చర్మం కింద పెట్టే లూప్ రికార్డర్ ఉన్నవారు స్కాన్‌కు ముందు అందులో నమోదైన సమాచారాన్ని దించుకోవాలి, లేకపోతే స్కాన్‌లో పుట్టే తప్పుడు సంకేతాలు దాన్ని చెరిపేయవచ్చు. గుండెలోపలే ఉండే లీడ్ లేని చిన్న పేస్‌మేకర్లకు కూడా షరతులతో అనుమతి ఉంది. ఆసుపత్రిలో తాత్కాలికంగా మెడ నుంచో తొడ నుంచో వేసిన పేసింగ్ తీగ ఉన్నప్పుడు మాత్రం ఎమ్మారై చేయకూడదు. ఇంకొకటి, మీ నాన్నగారికి తోడుగా వెళ్లేవారిలో పేస్‌మేకర్ ఉన్నవారు ఎవరైనా ఉంటే వారు స్కాన్ గది గుమ్మం దాటవద్దు. అయస్కాంత ప్రభావం సురక్షిత స్థాయికి తగ్గే హద్దుగా గుర్తించే 5 గాస్ గీతకు బయటే ఉండాలి. స్కాన్ చేయించుకునే మనిషికి జరిగే ప్రోగ్రామింగ్ తోడుగా వెళ్లినవారికి జరగదు కదా!

చివరగా ఆయన కాలు సంగతి. ఎమ్మారై ఏర్పాటుకు కొన్ని రోజులు పట్టేటట్టుంటే, అంతవరకు సీటీతో గానీ, వెన్నులోకి మందు ఎక్కించి తీసే సీటీ మైలోగ్రామ్‌తో గానీ పని జరుగుతుందేమో న్యూరోసర్జన్‌ను అడగండి. ఎముక, డిస్కు నొక్కుడు గురించి అవి చాలావరకు చెప్పగలవు. నరాల లోపలి మార్పులు, ఇన్‌ఫెక్షన్, కణితి వంటివి అనుమానిస్తే మాత్రం ఎమ్మారైకి సాటి లేదు. ఈలోగా మూత్రం ఆగిపోవడం, మర్మాంగాల చుట్టూ, పిరుదుల దగ్గర తిమ్మిరి, రెండో కాలు కూడా బలహీనపడడం, కాలు గంటగంటకూ సడలిపోతూ ఉండడం కనిపిస్తే పాత కాగితాల కోసం ఆగవద్దు. నేరుగా పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లి, పేస్‌మేకర్ ఉన్న సంగతి మొదటి మాటగా చెప్పి, న్యూరోసర్జన్‌నూ కార్డియాలజిస్టునూ ఇద్దరినీ పిలవమని అడగండి.